బ్యాటరీ కొనకముందు ఒక్కమారు కొలిచి చూడండి



ఈ నెల మన శీర్షికలో కారు సంగతి ఒకటి చెప్పుకుందాం. “మా ఇంట్లో కారెక్కడిది అయ్యగారూ” అని పేజీ తిప్పేయవద్దు. మీకు లేకపోయినా మీ వీధిలో ఒకరికి ఉంటుంది. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అంబాసిడరు కూడా ఆ సంవత్సరమే ఆగింది. ఓమ్నీ 2019లో ఆగింది. అయినా ఆ బండ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మా రాప్తాడు పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, కియా ఫ్యాక్టరీ 2019 నుండి కొత్త కార్లు తయారు చేస్తోంది. అదే రోడ్డు మీద ఇరవై ఏండ్ల పాత ఓమ్నీ ఒకటి టమోటా బుట్టలతో కక్కలపల్లి మండీకి పోతూ ఉంటుంది. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడబిడ్డను అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చేది కూడా చాలాసార్లు అటువంటి బండే. అది నిలిచిపోతే ఒక్క ఇంటికి కాదు, ఊరికంతటికీ ఇబ్బంది.

అటువంటి బండి ఒకరోజు ఉదయం తాళం తిప్పితే “టిక్” అని ఊరుకుంటుంది. వెంటనే వచ్చే మాట, “బ్యాటరీ పోయింది.” అప్పో సప్పో చేసి కొత్త బ్యాటరీ తెస్తారు. రెండు మూడు వారాలు బాగా నడుస్తుంది. తర్వాత మళ్ళీ అదే “టిక్”. ఇట్లు ఎందుకు జరుగుతుందో, ఇంటి దగ్గరే ఎలా తెలుసుకోవచ్చో, లోపం ఆల్టర్నేటరుదే అయితే దానిని ఎలా మార్చుకోవచ్చో ఈ నెల చూద్దాం.

తొట్టి, బోరు

మన కరువు సీమలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కాబట్టి బోరు, తొట్టి సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కారులో బ్యాటరీ తొట్టి వంటిది. ఆల్టర్నేటరు బోరు మోటరు వంటిది. బండి స్టార్టు చేయడానికి తొట్టిలోని నీరు వాడుకుంటాము. ఇంజను తిరగడం మొదలైన తర్వాత దీపాలకు, హారనుకు, ఇంజనులోని నిప్పురవ్వకు కావలసిన కరెంటు ఆల్టర్నేటరు ఇస్తుంది. పైగా ఖాళీ అయిన తొట్టిని తిరిగి నింపుతుంది.

తొట్టి ఎండిపోతే మనం ఏమి చేస్తాము? ముందు బోరు పోస్తున్నదా లేదా అని చూస్తాము. బోరు సంగతి చూడకుండా కొత్త తొట్టి కట్టేవాడు మన జిల్లాలో ఎవడూ ఉండడు. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనం చేసేది ఆ పనే.

మా సంఘంలో ఒక కుటుంబం బాడుగకు ఓమ్నీ తిప్పుకొని బ్రతుకుతున్నారు. ఒక వేసవిలో వారు రెండు బ్యాటరీలు కొన్నారు. మొదటిది మూడు వారాలకే చచ్చింది. అమ్మిన అంగడిలో “మీరు నీళ్ళు సరిగా పోయలేదు” అన్నారు. రెండవదానికి ఆ ఇంటి తల్లి చెనిక్కాయ విత్తనాలకని దాచిన డబ్బు తీసింది. అది కూడా నెల తిరగకుండానే మొదటిదాని దారే పట్టింది. అప్పుడొకరు మీటరు పెట్టి చూస్తే ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులే ఉన్నాయి. అంటే బోరు చుక్క కూడా పోయడం లేదు. ఆల్టర్నేటరు విప్పితే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగి మొండిగా మిగిలాయి. వాటిని మార్చడానికి అయిన ఖర్చు ఒక బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు. రెండు బ్యాటరీలలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. మరల నిండుగా చార్జి చేయిస్తే రెండవది మంచిగానే పనిచేసింది.

దీని లోపల ఏముంది?

మన వైపు షెడ్డుల్లో ఆల్టర్నేటరును ఇప్పటికీ “డైనమో” అనే అంటారు. పాత అంబాసిడర్లలో, పాత జీపుల్లో ఉండినది నిజంగా డైనమోయే. ఆల్టర్నేటరు తర్వాత వచ్చింది. అమెరికాలో 1960లో వచ్చిన వాలియంట్ అనే కారుతో అది పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడా కరెంటు ఇవ్వగలగడం దీని గొప్ప.

రెండింటికీ మూలం ఒకటే. అయస్కాంతం తీగచుట్ట దగ్గర కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1831లో లండనులో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆయన ఒక కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు కుట్టే అంగడిలో పనికి కుదిరాడు. తర్వాత తన చిన్న సంఘంలో పెద్దగా కూడా సేవ చేశాడు. బడి చదువు పెద్దగా లేని ఆ మనిషి ప్రతి సంగతినీ చేసి చూసి, ఏ రోజుది ఆ రోజు నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఊహతో సరిపెట్టుకోలేదు.

ఆల్టర్నేటరు మధ్యలో తిరిగే భాగానికి ఒక తీగచుట్ట ఉంటుంది. బ్యాటరీ నుండి కొద్దిపాటి కరెంటు రెండు కార్బన్ బ్రష్షుల ద్వారా ఆ చుట్టలోకి పోయి దానిని అయస్కాంతంగా చేస్తుంది. ఇంజను బెల్టుతో అది తిరిగేటప్పుడు చుట్టూ కదలకుండా ఉన్న మరో తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు అటూ ఇటూ మారే కరెంటు గనుక బ్యాటరీకి పనికిరాదు. దానిని ఒకే దిక్కుకు పంపేవి డయోడ్లు. బోరులో ఫుట్‌వాల్వు నీటిని వెనక్కి జారనివ్వనట్లే ఇవి కరెంటును వెనక్కి పోనివ్వవు. ఇక ఎంత కావాలో అంతే పంపేది రెగ్యులేటరు. బోరుకు గేట్‌వాల్వు ఎట్లనో ఇది అట్లు. బ్రష్షులు, బేరింగులు, డయోడ్లు, రెగ్యులేటరు, తీగచుట్ట, పైన బెల్టు: చెడిపోయేది ఈ ఆరింటిలో ఏదో ఒకటి.

మన వైపు ఇవి త్వరగా చెడడానికి కారణాలున్నాయి. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చేను దారుల దుమ్ము లోపలికి పోయి బ్రష్షులను, బేరింగులను అరగదీస్తుంది. ఇంజను నుండి ఆయిలు కారి మీద పడుతుంది. నీళ్ళ పంపుతో ఇంజనును కడిగేటప్పుడు లోపలికి నీరు పోతుంది. పెద్ద హారన్లు, అదనపు లైట్లు, పాటల పెట్టెలు తగిలిస్తే మోయలేని బరువు మోయవలసి వస్తుంది.

ముందుగా వచ్చే గుర్తులు

తాళం మొదటి మెట్టు తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలగాలి. ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే చార్జింగు లేదని అర్థం. అసలు వెలగకపోయినా మంచిది కాదు. ఆ బల్బు మాడిపోయినా, దాని వైరు తెగినా కొన్ని బండ్లలో ఆల్టర్నేటరు పని మొదలుపెట్టదు. ఒక చిన్న బల్బు కోసం ఆల్టర్నేటరు మార్చినవారు కూడా ఉన్నారు.

రాత్రి దీపాలు మసకగా వెలగడం, ఇంజను పెంచితే మరీ ఎక్కువగా వెలగడం, బల్బులు ఊరకనే మాడిపోవడం, బ్యాటరీలో నీరు త్వరగా తగ్గడం, ఆల్టర్నేటరు దగ్గర గీరినట్లు శబ్దం రావడం, రబ్బరు కాలిన వాసన రావడం: వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయవద్దు.

రాత్రి ప్రయాణంలో చార్జింగు ఆగితే ఎంతసేపు నడుస్తుందో లెక్క వేసి చూడండి. పెద్ద దీపాలు రెండూ కలిసి సుమారు 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. మిగిలిన దీపాలకు, ఇంజనుకు మరో 5 అనుకుందాం. మొత్తం 15. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియరు గంటలది. కొత్తదైతే కాగితం మీద రెండు గంటల పైచిలుకు వస్తుంది. పాతదైతే గంట కూడా నమ్మకం లేదు. బెంగళూరు ఆసుపత్రికి బయలుదేరిన బండి సగం దారిలో, లారీల మధ్య, దీపాలు లేకుండా నిలిచిపోతుంది. కొన్ని పాత డీజిలు బండ్లలో ఇంజను ఆగకపోవచ్చును గాని దీపాలు ఆరిపోతాయి. అది ఇంకా ప్రమాదం.

దారిలో ఎర్రదీపం వెలిగితే పాటలు, ఫ్యాను, ఏసీ ఆపండి. పగలైతే ఇంజను ఆపకుండా దగ్గరి షెడ్డు చేరుకోండి. అయితే వేడి చూపే ముల్లు మీద కన్ను ఉంచండి. చాలా బండ్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే ఇంజనుకు నీరు పంపే పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగి ఉంటే ముల్లు పైకి పోతుంది. అప్పుడు వెంటనే ఆపకపోతే ఇంజనే పోతుంది.

ఖర్చు లేకుండా చూడవలసినవి

మొదట కంటితో చూడండి. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉందా? బిగువుగా ఉన్నాయా, చేతితో తిప్పితే కదులుతున్నాయా? టెర్మినళ్ళు విప్పి, మూతలు గట్టిగా బిగించి, గోరువెచ్చని నీటిలో వంట సోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగించండి. ఆ సోడా నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. బ్యాటరీ నుండి బాడీకి, ఇంజనుకు పోయే ఎర్త్ వైరు కూడా చూడండి. చాలా బండ్లకు ఇంతటితోనే జబ్బు నయమవుతుంది.

తర్వాత బెల్టు. ఇంజను ఆపి, రెండు చక్రాల నడుమ బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు అర అంగుళం లోపల దిగాలి. అంతకు మించి దిగితే వదులైనట్లు. చీలికలు ఉన్నా, లోపలి వైపు అద్దంలాగా మెరుస్తున్నా, ఆయిలు పట్టినా బెల్టు మార్చండి. బెల్టు జారితే ఎంత మంచి ఆల్టర్నేటరైనా ఏమి చేయగలదు?

మీటరుతో కొలవడం

డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఊరికి ఒకటి ఉన్నా చాలును. దానిని డీసీ వోల్టులలో 20 అని రాసి ఉన్నచోటికి తిప్పండి. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ మైనస్ మీద పెట్టండి.

మొదటి కొలత: బండి రాత్రంతా నిలిచి ఉన్న తర్వాత ఉదయం, స్టార్టు చేయకముందు. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అయితే ముప్పాతిక. 12.2 అయితే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.

రెండవ కొలత: స్టార్టు చేసి ఇంజనును కొంచెం పెంచి పట్టుకొని. 13.8 నుండి 14.5 మధ్య రావాలి. తొట్టిలో నీటి మట్టం కంటే పైపు ఎత్తుగా ఉంటేనే కదా నీరు పడుతుంది. అట్లే బ్యాటరీలోని 12.6 కంటే పైన ఉంటేనే చార్జి లోపలికి పోతుంది. ఇంజను తిరుగుతున్నా 12.5 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతూ ఉంటే చార్జింగు లేదు.

మూడవ కొలత: పెద్ద దీపాలు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేసి. 13.2 కంటే కిందికి పడకూడదు. పడితే ఆల్టర్నేటరు బలహీనపడింది, లేదా బెల్టు జారుతోంది.

నాలుగవది, పై హద్దు: ఇంజను పెంచినప్పుడు 15 దాటితే రెగ్యులేటరు చెడింది. ఇది చార్జింగు లేకపోవడం కంటే తక్కువ కీడు కాదు. బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడతాయి.

ఐదవది, దారి సంగతి: ఆల్టర్నేటరు వెనుక లావు వైరు బిగించిన బోల్టు మీద ఒక తీగ, బ్యాటరీ ప్లస్ మీద మరో తీగ పెట్టి, ఇంజను నడుస్తూ దీపాలు వెలుగుతుండగా చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే మధ్య వైరులోనో, కొసలలోనో లోపం ఉంది. బోరు బాగానే పోస్తోంది, పైపు కారుతోంది. అటువంటప్పుడు ఆల్టర్నేటరు మార్చినా ప్రయోజనం లేదు.

ఇక పగలంతా బాగా చార్జి అయి, రాత్రి నిలిపితే తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే? ఏదో ఒక దీపం వెలుగుతూ ఉండవచ్చు, లేదా డయోడు పోయి కరెంటు వెనక్కి జారుతూ ఉండవచ్చు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటరు మీద చెయ్యి పెట్టి చూడండి. అది మాత్రం వెచ్చగా ఉంటే దొంగ దొరికినట్లే.

మీటరు లేనివారు రాత్రివేళ బండిని గోడకు ఎదురుగా నిలిపి దీపాలు వేయండి. ఇంజను పెంచినప్పుడు గోడ మీద వెలుగు కొంచెం పెరిగి నిలిస్తే చార్జింగు ఉన్నట్లు. మార్పు లేక మసకబారుతూ పోతే లేనట్లు. పాత రకం ఆల్టర్నేటర్లకు ఇంకొక పరీక్ష ఉంది. ఇంజను ఆపి, తాళం మాత్రం వేసి, స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటరు వెనుక బేరింగు దగ్గరకు తీసుకొనిపోండి. అయస్కాంతం పట్టి లాగితే లోపలి చుట్టకు కరెంటు అందుతోంది. లాగకపోతే బ్రష్షులో, రెగ్యులేటరో, దానికి వచ్చే వైరో పోయింది.

ఒక్క పని మాత్రం చేయవద్దు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, “ఆగకుండా నడుస్తోంది గనుక డైనమో మంచిదే” అని చూసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. ఆల్టర్నేటరుకు బ్యాటరీ ఆనకట్ట వంటిది. దానిని ఒక్కసారిగా తీసివేస్తే వోల్టు ఎగసిపడి డయోడ్లను, రెగ్యులేటరును, కొత్త బండ్లలో ఇంజను కంప్యూటరును కూడా కాల్చివేయగలదు. ఎంత అనుభవం ఉన్న మెకానిక్కు చేయబోయినా, “వద్దు అన్నా, మీటరు పెట్టి చూద్దాం” అని మర్యాదగా ఆపండి.

మార్చవలసి వస్తే

లోపం ఆల్టర్నేటరుదే అని తేలినా వెంటనే కొత్తది కొనవలసిన పని లేదు. విప్పి అనంతపురంలోని ఆటో ఎలక్ట్రీషియను దగ్గరకు తీసుకొనిపోతే బ్రష్షులు, బేరింగులు, డయోడ్ల ప్లేటు, రెగ్యులేటరు విడివిడిగా మారుస్తారు. తీగచుట్ట కాలిపోయినా, పెంకు పగిలినా మాత్రం వేరేది కొనడమే మేలు. అప్పుడు పాతది చేత పట్టుకొనే అంగడికి పొండి. దాని ప్లేటు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, బోల్టు రంధ్రాలు, బెల్టు చక్రం, సాకెట్టు అన్నీ ఒకటే ఉండాలి. బిల్లు, గ్యారంటీ కాగితం తప్పక అడగండి.

విప్పడం పాత బండ్లలో కష్టమైన పని కాదు. 10, 12, 14 నంబరు పానాలు, ఒక కట్టె, గరుకు కాగితం చాలును. ఓమ్నీలో ఇంజను ముందు సీటు కింద ఉంటుంది గనుక సీటు ఎత్తవలసి ఉంటుంది.

1. బండిని చదును నేల మీద నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. ఇంజను చల్లారనివ్వండి. ఉంగరాలు, గడియారం తీసివేయండి. తుండుగుడ్డ, చీర కొంగు, చున్నీ బెల్టు దరిదాపులకు రాకూడదు. పిల్లలను దూరంగా ఉంచండి. బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది గనుక బీడీ, అగ్గిపుల్ల వద్దు.

2. బ్యాటరీ మైనస్ వైరు ముందుగా విప్పండి. ఇది మరవవద్దు. ఆల్టర్నేటరు లావు వైరులో తాళం తీసినా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పానా దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులు చిమ్ముతాయి.

3. వైర్లు ఏది ఎక్కడ ఉందో మొబైలులో ఫోటో తీసుకోండి. సాకెట్టును క్లిప్పు నొక్కి లాగండి, వైర్లు పట్టి లాగవద్దు. తర్వాత లావు వైరు నట్టు విప్పండి.

4. పైన గాడి ఉన్న పట్టీ బోల్టును, కింద ఇరుసు బోల్టును వదులు చేయండి. ఆల్టర్నేటరును ఇంజను వైపు నెట్టితే బెల్టు ఊడి వస్తుంది.

5. ఒక చేత్తో కింద పట్టుకొని బోల్టులు తీసివేయండి. చిన్న కారుదే అయినా మూడు నాలుగు కిలోలుంటుంది. కాలి మీద పడనివ్వవద్దు.

6. బిగించేటప్పుడు మొదట బోల్టులు చేతితోనే ఎక్కించండి. బెల్టు వేసి, కట్టెతో ఆల్టర్నేటరును బయటికి ఒత్తిపట్టి, పై బోల్టు బిగించి, తర్వాత కింది బోల్టు బిగించండి. వెనుక పెంకు అల్యూమినియంది, అక్కడ ఒత్తితే పగులుతుంది. ముందు గట్టి భాగం దగ్గరే ఒత్తండి. బెల్టును మరీ బిగిస్తే బేరింగులు పోతాయి.

7. వైర్లు శుభ్రం చేసి బిగించి, రబ్బరు తొడుగు వేసి, చివరగా బ్యాటరీ మైనస్ తగిలించండి.

8. చచ్చిన బ్యాటరీతో బండిని తోసి స్టార్టు చేసి, “దారిలో నిండుతుందిలే” అనుకోవద్దు. ఖాళీ బ్యాటరీని నింపబోయి కొత్త ఆల్టర్నేటరు వేడెక్కి చెడవచ్చు. ముందు బ్యాటరీని అంగడిలో చార్జి చేయించండి. తర్వాత స్టార్టు చేసి పై కొలతలన్నీ మళ్ళీ తీయండి. కొత్త బెల్టు కొంచెం సాగుతుంది గనుక నూరు కిలోమీటర్లు తిరిగిన తర్వాత బిగువు మరోమారు చూడండి.

ఎవరు చేయకూడదు?

ఈ మధ్య కాలపు కార్లలో చార్జింగును ఇంజను కంప్యూటరే నడుపుతుంది. అవసరాన్ని బట్టి వోల్టు తగ్గిస్తుంది, పెంచుతుంది. వాటిలో 12.8 కనబడినంత మాత్రాన లోపమని చెప్పలేము. పైగా ఒకే పొడవాటి చారల బెల్టు అన్నిటినీ తిప్పుతుంది. దానిని విప్పడానికి వేరే పనిముట్లు కావాలి. అటువంటి కారు ఉన్నవారు కంటితో చూసి, కొలిచి, అంకెలు రాసుకొని షెడ్డుకు పోవడమే మంచిది. ట్రాక్టరు ఉన్నవారికి మాత్రం పై మాటలు చాలావరకు వర్తిస్తాయి. అది కూడా 12 వోల్టులదే.

యౌవనస్థులకు ఒక మాట. మీలో ఐటీఐ చదివినవారు, చదువుతున్నవారు ఊరికొకరైనా ఉన్నారు. ఒక మీటరు కొని, ఆదివారం సాయంత్రం మీ వీధిలోని బండ్లన్నిటినీ కొలవండి. ఒక్కొక్కదానికి ఐదు నిమిషాలు చాలును. ఉదయం అంకె, ఇంజను నడిచేటప్పటి అంకె, దీపాలు వేసినప్పటి అంకె, తేదీ ఒక చీటీ మీద రాసి బండిలోనే పెట్టించండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిచి కింద రాయండి. 14.2 ఉన్నది 13.4కు దిగితే, బండి ఇంకా నడుస్తూ ఉండగానే మనకు కబురు అందినట్లే.

ఆ చీటీ చేతిలో ఉంటే అంగడిలో మన మాటకు విలువ కూడా వస్తుంది. “బ్యాటరీ పోయింది, కొత్తది తీసుకోండి” అన్నవారితో మనకు గొడవ అవసరం లేదు. “అన్నా, ఇంజను తిరిగేటప్పుడు 12.1 చూపుతోంది, ముందు డైనమో చూడండి” అంటే చాలు. చెప్పేవాడికి తెలుసునని వాళ్ళకు అర్థమవుతుంది. విత్తనాల డబ్బు విత్తనాలకే మిగులుతుంది.

వచ్చే నెల, ప్రభువు చిత్తమైతే, వేసవిలో బ్యాటరీ నీటి సంగతి, ఏ నీరు పోయాలి, ఎంత పోయాలి అన్నది చూద్దాం. అంతవరకు మీ బండి తాళం తిప్పినప్పుడు ఎర్రదీపం వెలిగి ఆరుతున్నదో లేదో ప్రతి ఉదయం ఒక్క క్షణం ఆగి చూడండి.